కాబూలు యుద్ధఫలము

2021 వ సంవత్సరము ఆగస్టు 30 వ తేదీన, నడురేయికి ఒక నిమిషము మిగిలియుండగా, అమెరికా సేనల కడపటి విమానము కాబూలు విమానాశ్రయమునుండి లేచిపోయెను. 2001 అక్టోబరు 7 వ తేదీన మొదలైన యుద్ధము ఆనాటితో ముగిసినది. తండ్రులు మొదట పోరాడిన నేలమీదనే కొన్నేండ్లకు వారి కొడుకులు కాపు కాసిన దృష్టాంతములును ఈ యుద్ధమున గలవు. సేనలు మరలివచ్చుచుండగనే అమెరికాలో ఇంటింటను ఒక ప్రశ్న పుట్టెను: ఇంత చేసి సాధించినదేమి? ఆ నెలలో జరిగిన యొక అభిప్రాయ సేకరణమున ఇంచుమించు మూడింట రెండువంతుల మంది, ఈ యుద్ధము చేయదగినది కాదనియే చెప్పిరి.

ప్రశ్న సులభముగనే కనబడును. కాని చేయదగినదా యనునపుడు ఎవరికి చేయదగినదో తేలవలయును గదా. ధనమిచ్చినవారికా? ప్రాణమిచ్చినవారికా? ఎవరి వాకిళ్లలో ఆ యుద్ధము జరిగెనో వారికా? మహాభారతమున స్త్రీపర్వమునందు, యుద్ధము ముగిసిన పిదప, ధృతరాష్ట్రుడు ధర్మరాజును మడిసినవారి లెక్క చెప్పుమని యడుగును. ఓడినవాడు గెలిచినవానిని అడిగిన ప్రశ్న యది. ధర్మరాజు దానిని తప్పించుకొనడు. తనవారు, పెరవారు అను భేదము లేక ఉభయసేనల లెక్కయు చెప్పును. ఈ కాలపు ప్రభుత్వములు తమవారిని పేరుపేరున ఎన్నుకొని, ఎదుటివారిని వేలలోను లక్షలలోను ఉజ్జాయింపుగ చెప్పుటకు అలవాటుపడినవి.

కావున మేము లెక్కతోనే ప్రారంభింతుము. అమెరికాలోని బ్రౌను విశ్వవిద్యాలయమువారు ఈ యుద్ధపు వ్యయమును చాలకాలముగ గణించుచున్నారు. 2021 నాటికి వారు తేల్చిన మొత్తము సుమారు 2,30,000 కోట్ల డాలర్లు. ఇందులో యుద్ధమునకై తెచ్చిన అప్పుపై అంతవరకు కట్టిన వడ్డీ చేరినది; కాళ్లు చేతులు పోయి తిరిగివచ్చినవారిని బ్రతికినంతకాలము పోషింపవలసిన వ్యయము చేరలేదు. మరణించిన అమెరికా సైనికులు 2,400 పైబడినవారు. వారి మిత్రరాజ్యములవారు 1,100 పైబడినవారు, అందు ఆంగ్లేయులు 457. అఫ్గాన ప్రభుత్వపు సైనికులును పోలీసులును కలిసి 66,000 మందికి తక్కువ కారు. ఆయుధము పట్టని అఫ్గానులు 46,000 పైచిలుకు. ఎదుటిపక్షమున పడినవారు 50,000 కు మించిరి. అమెరికా సైనికుడొక్కడు చనిపోయినచో ఆతనితోడనే ఇరువదియేడుగురు అఫ్గాన సైనికులు చనిపోయిరని ఈ లెక్కవలన తెలియుచున్నది. అఫ్గానులు తమ దేశముకొరకు పోరాడరైరని 2021 లో వాషింగ్టనులో ప్రబలిన నింద ఎంత అన్యాయమో చూపుటకు ఈ యొక్క నిష్పత్తియే చాలును.

యుద్ధారంభమున దానికొక కారణముండెనని ఒప్పుకొనక తప్పదు. 2001 సెప్టెంబరు 11 వ తేదీన అమెరికాలో ఒక్క ఉదయమున 2,977 మంది నిరపరాధులు హతులైరి. ఆ పన్నాగము పన్నిన అల్ ఖైదా నాయకుడు ఒసామా బిన్ లాడెను కాందహారు ప్రభువులైన తాలిబానుల ఆశ్రయమున నుండెను. వారాతని నప్పగింపరైరి. అంతట అమెరికావారు ఉత్తర ప్రాంతపు అఫ్గాన కూటమిని తోడుగొని దాడి వెడలిరి. నవంబరు 13 న కాబూలును, డిసెంబరు 7 న కాందహారును చిక్కినవి. రెండు నెలలలో రాజ్యము మారెను. ఆ రెండు నెలలతోనే యుద్ధము ముగిసియుండినచో నేడీ వ్యాసమునకు అవసరమే లేకపోవును.

ఏల ముగియలేదు? మా యభిప్రాయమున ఇరువది యేండ్ల కథకు మూలము ఆ డిసెంబరు నెలలోనే యున్నది. ఓడిన తాలిబాను నాయకులలో కొందరు ఆయుధములు దించి ఇండ్లకు పోవుటకు అంగీకరించి, క్రొత్తగా ప్రభుత్వాధిపతిగ ఎన్నికైన హమీదు కర్జాయీతో సంధి మాటలాడిరి. కర్జాయీకిని అది సమ్మతమే. అమెరికా రక్షణమంత్రి రమ్సుఫెల్డు దానికి ఒల్లడయ్యెను. జర్మనీలోని బాన్ నగరమున క్రొత్త రాజ్యాంగ వ్యవస్థకై సమావేశము జరిగినపుడు ఓడినవారి నెవ్వరిని పిలువలేదు. ఆ సమావేశమును నడపిన ఐక్యరాజ్యసమితి ప్రతినిధి లఖ్దర్ బ్రహిమీయే పిమ్మట దానిని పొరపాటని చెప్పినాడు. గెలిచిన మొదటి వారములలో చౌకగ దొరకిన సంధిని కాదనినవారే, పదునెనిమిది సంవత్సరములకు, అదే తాలిబానులతో అంతకంటె ఎంతో ప్రియమైన సంధిని దోహా నగరమున కొనుక్కొనవలసివచ్చినది. ఇక బిన్ లాడెను సంగతి: ఆతడు అదే డిసెంబరులో తోరాబోరా కొండలనుండి తప్పించుకొనిపోయి, 2011 మే 2 వ తేదీన పాకిస్తానములోని అబ్బోత్తాబాదున, సైనిక విద్యాలయమునకు కూతవేటు దూరమున దొరకెను. ఎవనికొరకై అఫ్గాన భూమిని గాలించిరో వాడు అఫ్గాన భూమిమీదనే లేడు.

2003 లో ఇరాకుపైకి దండెత్తిన పిమ్మట అమెరికా దృష్టియు, సేనయు, ధనమును అటు మరలెను. తాలిబానులు సరిహద్దున కూడుకొని మరల రాజొచ్చిరి. 2009 లో అధ్యక్షుడు ఒబామా మరి 30,000 మందిని పంప నిశ్చయించెను. 2010, 2011 సంవత్సరములలో అచ్చటి అమెరికా సేన 1,00,000 వరకు పెరిగెను. లక్ష్యము మాత్రము ఏడేడు మారుచుండెను. ఒకమారు అల్ ఖైదాను నిర్మూలించుట, ఒకమారు ప్రజాప్రభుత్వమును నెలకొల్పుట, ఒకమారు నల్లమందు పంటను మాన్పుట, ఒకమారు తాలిబానులను సంధికి తెచ్చుట. యుద్ధములో పనిచేసిన అధికారులు ప్రభుత్వ తనిఖీదారులకు చెప్పిన మాటలు 2019 డిసెంబరులో వాషింగ్టన్ పోస్టు పత్రికలో వెలువడినవి. తామేమి చేయుచుంటిమో తమకే తెలియలేదని వారిలో పెద్ద పదవులు వహించినవారును ఒప్పుకొనిరి. ప్రజల కెదుట ప్రతియేటను పురోగతియని చెప్పినవారును వారే.

పునర్నిర్మాణమను పేర వారు వ్యయపరచినది సుమారు 14,500 కోట్ల డాలర్లు. సగమునకు పైగ సైన్యమునకును పోలీసులకును పోయినది. కాగితముపై ఆ బలము 3,00,000. అందు పేరు మాత్రముండి మనిషి లేని సైనికులెందరో అమెరికా తనిఖీదారులే తేల్చి చెప్పలేకపోయిరి. వారి జీతములు సేనాపతుల సంచులలో చేరుచుండెను. నల్లమందు కథ యింకను విడ్డూరము. తాలిబానులు 2000 లో నిషేధింపగా 2001 లో గసగసాల సాగు ఇంచుమించు 8,000 హెక్టారులకు పడిపోయెను. అమెరికావారి కావలిలో, దానిని మాన్పుటకై కోట్లకొలది డాలర్లు వెచ్చించిన పిమ్మట, 2017 నాటికి అది 3,28,000 హెక్టారులైనది. మరల తాలిబానులే 2022 లో నిషేధింపగా మరుసటి యేట 11,000 హెక్టారుల లోపునకు దిగినది. ఆ నిషేధమువలన రైతులు ఆకలి పాలైరను మాటయు సత్యమే.

నగరములలో ఈ యేండ్లు ఒకతీరుగ, దక్షిణపు పల్లెలలో ఒకతీరుగ గడచినవి. హెల్మందు, కాందహారు మండలములలో అనేక గ్రామములకు ప్రభుత్వమనగా లంచగొండి పోలీసు. విదేశి యనగా అర్ధరాత్రమున తలుపు బ్రద్దలుకొట్టు సైనికుడును, ఆకాశమునుండి పడు బాంబును. ఆ పల్లెల ఆడుపిల్లలకు బడి అప్పుడును లేదు, ఇప్పుడును లేదు. కాబూలులోని విద్యావతి ఈ యుద్ధమును తలచుకొను విధమునకును, సంగీను గ్రామమున బిడ్డను పూడ్చుకొన్న తల్లి తలచుకొను విధమునకును పొత్తు కుదురదు. ఇద్దరిలో ఎవ్వరిమాటయు అబద్ధము కాదు. యుద్ధము తగునని వాదించువారు మొదటి యామెను, తగదని వాదించువారు రెండవ యామెను సాక్ష్యమునకు పిలుచుచున్నారు.

2020 ఫిబ్రవరి 29 వ తేదీన దోహాలో అమెరికాకును తాలిబానులకును ఒడంబడిక కుదిరినది. పదునాలుగు నెలలలో విదేశ సేనలు వైదొలగవలయును. 5,000 మంది వరకు ఖైదీలు విడుదల కావలయును. ఆ ఖైదీలను చెరలో నుంచినది కాబూలు ప్రభుత్వము. ఆ ప్రభుత్వమునకు ఒడంబడికలో చోటు లేదు. స్త్రీల హక్కులను గురించి అందొక్క మాటయు లేదు. 2021 ఏప్రిలు 14 న అధ్యక్షుడు బైడెను ఆ సెప్టెంబరు 11 లోపల సేనలన్నియు మరలునని ప్రకటించెను. జూలై మొదట బగ్రాము విమానస్థావరమును రాత్రివేళ విడిచిపోయిరి. ఆగస్టు 6 న జరంజ్ పట్టణము పడినది. 15 న కాబూలే పడినది. అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ పారిపోయెను. 26 న విమానాశ్రయపు ద్వారమున జరిగిన ప్రేలుడులో 13 గురు అమెరికా సైనికులును సుమారు 170 మంది అఫ్గానులును మరణించిరి.

ఇంత శీఘ్రముగ ఏల కూలినదని అందరు ఆశ్చర్యపడిరి. దీనికి సరిపోల్చదగిన దృష్టాంతము ఆ దేశముననే యున్నది. 1979 డిసెంబరులో ప్రవేశించిన సోవియట్టు సేన, సుమారు 15,000 మందిని కోల్పోయి, 1989 ఫిబ్రవరి 15 న ఆమూ నదిపై వంతెన దాటి వెడలిపోయినది. వెనుక విడిచిన నజీబుల్లా ప్రభుత్వము నెలలలో పడునని ప్రపంచమంతయు తలంచెను. అది మూడేండ్లు నిలిచినది. ధనమును, ఇంధనమును, ఆయుధములును మాస్కోనుండి వచ్చుచున్నంతవరకు ఆ సైన్యము పోరాడెను. సోవియట్టు రాజ్యమే 1991 చివర అంతరింపగా, 1992 ఏప్రిలులో నజీబుల్లా పదవి పోయినది. అమెరికావారు అఫ్గాన సైన్యమును తమ సైన్యమునకు ప్రతిబింబముగ తీర్చిరి. విమానములు లేనిదే అది కదలలేదు. ఆ విమానములను మరమ్మతు చేయువారు విదేశపు కంట్రాక్టు పనివారు. 2021 వేసవిలో సేనలతోపాటు ఆ పనివారును మరలిరి. విమానములు నేల కంటుకొనెను. కొండకొమ్ముల కావలి ఠాణాలకు తిండియు తూటాలును చేరలేదు. నెలల తరబడి జీతము లేక, తమను కాదని తమ పోషకులే శత్రువుతో ఒడంబడిక చేసికొనిరని యెరిగిన సైనికుడు ఎవరికొరకు చావవలయును?

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. కాబూలునుండి పాడైపోయి మరలిన సేనలలో మొదట చెప్పదగినది 1842 నాటిది, అందెక్కువవారు భారతీయులే. 1839 లో ఈస్టిండియా కంపెనీవారు దోస్తు మహమ్మదును త్రోసి షాషుజాను గద్దె నెక్కించిరి. 1842 జనవరి 6 న సుమారు 4,500 మంది సైనికులు, 12,000 మంది పరివారము మంచులో జలాలాబాదునకు బయలుదేరిరి. 13 వ తేదీన కోటగోడపైనుండి చూచినవారికి గుర్రముపై డాక్టరు బ్రైడను ఒక్కడు కనబడెను. 1879 లో లేడీ బట్లరు వ్రాసిన చిత్రముచే ఆ దృశ్యము ఆంగ్లదేశమున ప్రసిద్ధికెక్కినది. ఆ చిత్రమున ఆ వైద్యుడు, ఆతని బడలిన గుర్రము ప్రధానము. మంచులో కూరుకొనిపోయిన సిపాయీలు, వారి భార్యలు, బోయీలు, వంటవారు ఆ పటములో లేరు. చావక మిగిలినవారిలో కొందరు కాబూలు వీథులలో బిచ్చమెత్తిరి. కొందరు బానిసలుగ అమ్ముడుపోయిరి. మరుసటి యేట దోస్తు మహమ్మదు తన గద్దెపై తాను మరల కూర్చుండెను! మా తరగతులలో ఈ యుద్ధమును చెప్పునపుడు కారణములు, ఫలితములు అని రెండు శీర్షికలు వ్రాయించుచుందుము. ఫలితముల క్రింద ఏమి వ్రాయవలెనని పిల్లలడిగినచో, యుద్ధమునకు పూర్వమున్న స్థితియే యని చెప్పవలసివచ్చును.

1878 లో లిట్టన్ ప్రభువు రెండవమారు అదే దారి పట్టెను. అంతకు రెండేండ్లు ముందునుండి చెన్నరాజధానిలో మహాక్షామము. బళ్లారి, కర్నూలు, కడప మండలములలో జనులు మలమల మాడిచచ్చిరి. మరల క్షామము వచ్చినపుడు ఆదుకొనుటకని ప్రభుత్వము క్రొత్త పన్నులు వేసినది. కాబూలు యుద్ధము ఖజానాను కబళింపగా ఆ క్షామనిధికి గండి పడినది. ఆకలికని వసూలు చేసిన సొమ్ము దండయాత్రకు పోయెనని నాడే తీవ్రమైన ఆక్షేపణ లేచినది. బ్రిటిషు ఖజానా కొంతభాగము మాత్రమే భరించి తక్కినది హిందూదేశము నెత్తిన పెట్టినది. రాయలసీమ రైతు చెల్లించిన పన్నునకు, ఆతడు చూడని కనుమలలో జరిగిన పోరునకు ఇట్టి సంబంధ మేర్పడెను. ఆ యుద్ధము చేయదగినదా యని ఆ రైతు నెవ్వరును అడుగలేదు.

ఇక ఈ పత్రిక చదువరులకు, విశేషించి ఇండ్లలో చదువుకొను సోదరీమణులకు, ముఖ్యమైన అంశమునకు వత్తుము. ఆ ఇరువది యేండ్లలో చదువు పెరిగినది. యునెస్కోవారి లెక్క ప్రకారము 2001 లో బడి పిల్లలు సుమారు 10 లక్షలు. 2018 నాటికి సుమారు కోటి. ప్రాథమిక పాఠశాలలలో ఆడుపిల్లలు ఇంచుమించు సున్ననుండి 25 లక్షలైరి. కళాశాలలలో స్త్రీలు 5,000 నుండి 1,00,000 దాటిరి. స్త్రీలలో అక్షరాస్యత నూటికి 17 నుండి 30 వరకు ఎక్కెను. 2004 రాజ్యాంగము దిగువ సభలోని 249 స్థానములలో కనీసము 68 స్త్రీల కుంచినది. కాగితముపై మాత్రముండిన బడులను, హాజరుపట్టీలో మాత్రముండిన పిల్లలను తీసివేసినను మిగులునది చిన్నది కాదు. యుద్ధము వ్యర్థమని నిశ్చయించినవారు ఈ సంఖ్యలను చూడకుండ దాటిపోవుట మాకు సమ్మతము కాదు.

అయినను, ఇదిగో యుద్ధఫలమని ఈ సంఖ్యలనే చేతికిచ్చువారి మాటయు మేము యథాతథముగ స్వీకరింపజాలము. ఈ యుద్ధము బాలికల బడులకొరకు చేసినది కాదు. అట్లైనచో దోహాలో ఆ మాట యెత్తక సంతకము చేసియుండరు. అదియునుగాక, స్త్రీవిద్య ఆ దేశమునకు అమెరికా విమానములలో దిగిన సరకు కాదు. 1919 లో స్వాతంత్ర్యము సంపాదించిన అమానుల్లా, ఆయన రాణి సొరయా, ఆమె తండ్రియు పత్రికాసంపాదకుడునైన మహమూద్ తార్జీ, 1921 లోనే కాబూలున బాలికల పాఠశాల పెట్టిరి. 1928 లో కొందరు బాలికలను చదువునకై టర్కీకి పంపిరి. తొందరపాటు లేకపోలేదు: రాజు ఐరోపా యాత్రనుండి వచ్చి, ఒక్కమారుగ వస్త్రధారణమునుండి వివాహధర్మమువరకు మార్పబూనెను, సైన్యమునకు జీతములు చాలవు, పన్నులు హెచ్చు. తెగలు తిరుగబడినవి. 1929 జనవరిలో ఆయన గద్దె విడిచెను. ఇటలీకి పోవు త్రోవలో బొంబాయిలో పుట్టిన తమ బిడ్డకు ఆ దంపతులు ఇండియా యని పేరిడిరి. కాని ఆయన నాటినది సమూలముగ పోలేదు. 1964 రాజ్యాంగము స్త్రీలకు ఓటిచ్చినది. మరుసటి యేటి ఎన్నికలలో నలుగురు స్త్రీలు శాసనసభకు వచ్చిరి. అప్పటికి ఆ దేశమున ఒక్క విదేశి సైనికుడును లేడు.

సంస్కారమును పరదేశపు తుపాకి కాపాడునపుడు దానికొక చిక్కు కలుగును. దానిని ద్వేషించువాడు దేశభక్తుడని పేరు గడించును. ప్రేమించువాడు పరాయివారి మనిషియని నింద పడును. అఫ్గాన స్త్రీ విద్యకు ఇరువది యేండ్లు ఈ చిక్కు పట్టినది. ఆ తుపాకి లేనిచో 2001 లోనే తాలిబానులు పోయియుండెడివారు కారను మాటయు నిజమే. ఈ రెండును కలిసి పొసగవు. పొసగించుటకు మేము ప్రయత్నింపము. మా తీర్పిది: మొదటి రెండు నెలల యుద్ధమునకు కారణము కలదు, తరువాతి ఇరువదియేండ్లకు లేదు. ఆ యేండ్లలో కలిగిన మేలును యుద్ధము ఖాతాలో కాక, దానిని అందిపుచ్చుకొన్న ఉపాధ్యాయినులయు, వైద్యులయు, తలిదండ్రులయు ఖాతాలో వ్రాయవలయును. భారతదేశమువారు అచ్చట కట్టించిన పనులను చూడుడు. జరంజునుండి దెలారామునకు 218 కిలోమీటర్ల బాట వేసిరి. హేరాతు మండలమున ఆనకట్ట, కాబూలున శాసనసభా భవనము కట్టిరి. సేనను పంపలేదు. తాలిబానులకు మొదట చిక్కిన మండల రాజధాని ఆ బాట కొసనున్న జరంజే యగుట వేరుమాట. బాట మాత్రము ఎవరు నడచినను బాటయే.

తాలిబానులు వచ్చిన నెలలోనే ఆరవ తరగతి దాటిన బాలికల బడులు మూతపడినవి. 2022 మార్చి 23 న తెరతుమని చెప్పి, పిల్లలు పుస్తకములతో వచ్చి తరగతులలో కూర్చున్న పిమ్మట ఇండ్లకు పొమ్మనిరి. ఆ డిసెంబరులో విశ్వవిద్యాలయముల తలుపులు మూసిరి. 2024 నాటికి ఈ విధముగ చదువు పోయినవారు 14 లక్షలకు తక్కువ లేరని యునెస్కోవారి లెక్క. 2025 జూలైలో రుష్యా ఆ ప్రభుత్వమును అధికారికముగ గుర్తించెను. ఇతర రాజ్యములు గుర్తింపకయే వ్యవహారములు నడపుచున్నవి. ఇండ్ల గదులలో, తెరలు దించుకొని, ఆ ఇరువదియేండ్లలో చదువుకొన్న యువతులు కొందరు ఇరుగుపొరుగు పిల్లలకు రహస్యముగ పాఠములు చెప్పుచున్నారు. 2024 డిసెంబరులో ప్రసూతి శాస్త్రమును, దాదుల విద్యను కూడ స్త్రీలకు నిషేధించిరి. అంతకుముందు శిక్షణ పొందిన మంత్రసానులు పల్లెల ఆసుపత్రులలో పనిచేయుచునే యున్నారు. వారి వయసు పెరుగుచున్నది. వారి వెనుక నేర్చుకొనుచున్నవారు లేరు.